పానాతో రెండు దెబ్బలు

మా ఇంట్లో టీ కలుపుకోవడానికి చెక్క చెంచాలే వాడతాం. ఇనప చెంచా కప్పు అంచుకి టంగు టంగుమని రెండుసార్లు తగిలిందంటే చాలు, మా తమ్ముడు విల్ఫ్ కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడతాడు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, అయినా కుర్చీ చేతులు పట్టుకుని లేస్తాడు. "ఏంటి? ఏమైంది?" అని నాలుగు వైపులా చూస్తాడు. "ఏం కాలేదు, కూర్చోరా" అంటాను. కూర్చుంటాడు. చూసినవాళ్ళు అయ్యో పాపం అంటారు. నేను అనను. అక్కని కాబట్టి వేళకి ఇంత ఉడకేసి పెడతాను. జాలి అంటారా, అది నా దగ్గర ఉన్నదే కాస్త. దాన్ని వేరేవాళ్ళకి ఖర్చు పెట్టేశాను.

మాది ఇంగ్లండులో కవెంట్రీ. ఈ దేశంలో ఎవరినైనా వెలేసి మాట్లాడ్డం మానేస్తే "వాణ్ణి కవెంట్రీకి పంపారు" అంటారు. ఎందుకంటారో అన్నవాళ్ళకీ తెలీదు, మాకూ తెలీదు. దేశమంతా తమ వెలివాళ్ళని మా ఊరికి తోలుతుంటే మేం ఎక్కడికి తోలాలి? మేం ఎక్కడికీ తోలం. ఉన్నచోటే ఉంచి మాట్లాడ్డం మానేస్తాం. ఆ విద్యలో మా విల్ఫ్‌ని మించినవాడు ఊళ్ళో పుట్టలేదు.

కాలడన్ కార్ల ఫ్యాక్టరీలో మేమందరం పనిచేశాం. నాలుగు తలుపుల పెద్ద కార్లు చేసేవాళ్ళం, డాక్టర్లూ మేయర్లూ కొనుక్కునేవి. విల్ఫ్ ఇంజన్ల దగ్గర. చెవి ఆనించి విన్నాడంటే లోపల ఏ ముక్క అలిగిందో చెప్పేసేవాడు. వాడి భార్య ఐవీ సీట్లకి తోలు కుట్టే హాల్లో. నేను క్యాంటీన్‌లో. విల్ఫ్ పక్క బల్ల దగ్గర బ్రేకులు తనిఖీ చేసే నార్మన్ గట్టరిడ్జ్ ఉండేవాడు. పొట్టిగా, నెమ్మదిగా, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

విల్ఫ్ గురించి అబద్ధం చెప్పను. నచ్చినవాడికి ఒంటి మీది కోటు విప్పి ఇచ్చే రకం. నచ్చనివాడి ఒంటి మీది తోలు వొలిచే రకం. రెండూ నవ్వుతూనే చేసేవాడు. వాడు క్యాంటీన్‌లోకి వస్తున్నాడంటే జనం అప్పుడే నవ్వడం మొదలుపెట్టేవాళ్ళు, ఇవాళ ఎవడి వంతో అని.

జీతాల కోసం ఒకసారి తొమ్మిది వారాలు సమ్మె జరిగింది. తొమ్మిదో వారంలో నార్మన్ గేటు దాటి పనిలోకి వెళ్ళాడు. భార్య నెలలు నిండి ఉంది, పొయ్యిలోకి బొగ్గు లేదు. కారణం చెప్పుకున్నాడు. ఎవరు వింటారు? సమ్మె అయ్యాక చేతులెత్తి తీర్మానం చేశారు, నార్మన్‌తో ఎవరూ మాట్లాడకూడదని. నేను మాత్రం చిప్స్ వడ్డిస్తూ "వెనిగర్ వెయ్యనా?" అని అడిగేదాన్ని. క్యాంటీన్‌వాళ్ళది వేరే యూనియన్, మాకు ఆ తీర్మానం వర్తించదు. రోజంతా తన చెవిన పడే మాట అదొక్కటే అని తర్వాత ఎప్పుడో నాతో అన్నాడు.

ఆ వెలికి ఒక్క మినహాయింపు ఉండేది. ఇంజన్లు గొలుసులకి వేలాడుతూ నెత్తి మీదుగా పోయే చోటు అది. వెలివేసినవాడి మీద ఏదైనా పడబోతోందనుకోండి. మాట్లాడకూడదు, అలాగని చావనివ్వనూ కూడదు. అందుకని పానా తీసుకుని ఇనుము మీద రెండు దెబ్బలు కొట్టాలి. విన్నవాడు చేస్తున్న పని ఆపి చుట్టూ చూసుకోవాలి. ఇటు మాటా పోదు, అటు మనిషీ పోడు. ఎవరు పెట్టారో కానీ అది మంచి పద్ధతే.

మా వాడు దాన్ని ఆట చేసుకున్నాడు. నార్మన్ టీ తాగుతుంటే టంగు టంగు. నార్మన్ ఉలిక్కిపడి వెనక్కి దూకేవాడు, టీ అంతా చొక్కా మీద. పైన ఏమీ ఉండదు. హాలు హాలంతా గొల్లుమనేది. రెండో రోజు మళ్ళీ. మూడో రోజు మళ్ళీ. వినీ విననట్టు ఊరుకోవచ్చుగా అంటే, ఎలా ఊరుకుంటాడు? ఈసారిది నిజమైతే? అందుకే ప్రతిసారీ దూకేవాడు. ఒకరోజు రేకులు నొక్కే ప్రెస్సులో నార్మన్ చెయ్యి ఉండగా కొట్టాడు విల్ఫ్. నార్మన్ అదిరిపడి మోచేత్తో మీటని తోసేశాడు. కుడి చూపుడువేలి కొస పోయింది. రక్తం నేల మీద పడేదాకా జనం నవ్వుతూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నం నా కౌంటర్ దగ్గర విల్ఫ్ ఏమన్నాడో తెలుసా? "బ్రేకులు నొక్కి చూడ్డానికి తొమ్మిదిన్నర వేళ్ళు చాలవా ఏంటి?" అన్నాడు. వాడి పళ్ళెంలో గ్రేవీ పొయ్యకుండా తోసేశాను.

ఏడాది రెండేళ్ళకి జనం మెత్తబడ్డారు. ఒకడు "హలో" అన్నాడు, ఇంకొకడు ఫుట్‌బాల్ స్కోరు అడిగాడు. విల్ఫ్ మాత్రం పదకొండేళ్ళు మాట్లాడలేదు. చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో, పక్క బల్ల మీద, పదకొండేళ్ళు. ఫ్యాక్టరీ మూసేసిన రోజున అందరం గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే మబ్బు పట్టింది. విల్ఫ్ ఆకాశం వంక చూసి, "వాన వచ్చేలా ఉంది, నార్మన్" అన్నాడు. నార్మన్ కూడా తలెత్తి చూశాడు. "వచ్చేలానే ఉంది" అన్నాడు. అంతే, వెలి ఎత్తేశాడు. ఇంటికొచ్చి అది చెప్పుకుని విరగబడి నవ్వాడు మావాడు. "పదకొండేళ్ళకి మొదటి మాట వాన గురించే!" అని. ఐవీ ఒక్కతే నవ్వలేదు. "చాల్లే, విల్ఫ్. నార్మన్ మనసులో పెట్టుకునే రకం" అంది.

ఏళ్ళు గడిచాయి. మేం చేసిన కార్లు రోడ్ల మీద కనిపించడం మానేశాయి. అప్పుడు అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. అప్పట్లో కొనే స్తోమత లేనివాళ్ళంతా ముసలితనంలో తలో పాత కాలడన్ కొనుక్కుని క్లబ్బు పెట్టుకున్నారు. ప్రతి ఆదివారం పొద్దున వర్కింగ్ మెన్స్ క్లబ్బు అనే కార్మికుల హాలు వెనక పెరట్లో వరసగా నిలబెట్టుకుని, ఒకరి కార్లు ఒకరు చూసుకుని మురిసిపోవడం. కారు ఆపగానే బానెట్ ఎత్తాలి, అది ఆచారం. ఎత్తనివాడు ఏదో దాస్తున్నాడని లెక్క. నేను లోపల కిటికీ దగ్గర టీలు పోసి, బేకన్ రొట్టెలు వేసి ఇచ్చేదాన్ని. నార్మన్ క్లబ్బుకి అధ్యక్షుడు. బ్రేకుల సంగతి వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు కాబట్టి ఎన్నుకున్నారు. విల్ఫూ వాడూ గుడ్ మార్నింగ్ అంటే గుడ్ మార్నింగ్ అనుకునేవాళ్ళు. అంతకు మించి లేదు.

ఇంతలో ఐవీకి కిడ్నీలు చెడ్డాయి. వారానికి మూడు రోజులు ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. నడుమూ మోకాళ్ళూ వంగవు. కొత్త చిన్న కార్లలోకి దూరడం ఆమె వల్ల కాలేదు. ఒకసారి టాక్సీలోకి తల ముందు పెట్టి ఎక్కబోయి ఇరుక్కుపోతే ఇద్దరం లాగాం. కాలడన్ అయితే వెనక తలుపు బీరువా తలుపంత తెరుచుకుంటుంది, సీటు కుర్చీ ఎత్తున ఉంటుంది. పైగా ఆ సీటు కుట్టింది తనే. తిప్పి చూపించేది, అంచు కింద తన కుట్టు. "నేను కుట్టిన సీటు నన్ను మొయ్యకపోతే ఎవర్ని మోస్తుంది?" అనేది.

ఐవీ సిద్ధమే, ఇంజన్‌దే పేచీ. చలికాలం పొద్దున్నే దగ్గి, తుమ్మి, ఆగిపోయేది. ఆసుపత్రికి ఒకసారి ఆలస్యంగా చేరారు, ఒకసారి అసలు చేరలేదు. ఆ రాత్రి ఐవీ కాళ్ళు వాచి, ఊపిరందక పరుపు మీద కూర్చునే తెల్లార్చింది. మర్నాడు విల్ఫ్ తుక్కు కొట్టుకెళ్ళి, వెనక గుద్దుడికి నలిగిపోయిన జపాన్ కారు ఒకటి చూసి, దాని ఇంజన్ కొనుక్కొచ్చాడు.

ఆ చలికాలమంతా గ్యారేజీలోనే ఉన్నాడు. పాత ఇంజన్ గొలుసేసి పైకి లాగి, కొత్తదానికి ఇనప దిమ్మలు కోసి అతికి కూర్చోబెట్టాడు. గేరు పెట్టె పట్టకపోతే నేల రేకు కోశాడు. వైర్లు మాత్రం చూసి బిక్కమొహం వేశాడు. "ఇది ఇంజనా, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజా?" అని తిట్టుకుంటూ ఒక్కొక్కటే కలిపాడు. నాకు వాడంటే ఎంత కోపమున్నా ఒకటి ఒప్పుకోవాలి, భార్య కోసం చేశాడు, ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. తాళం తిప్పగానే అది పిల్లిలా గుర్రుమంది. ఐవీ వెనక సీట్లో కూర్చుని చప్పట్లు కొట్టింది. మళ్ళీ ఒక్క రోజు కూడా ఆసుపత్రి తప్పలేదు.

ఒకటి మాత్రం చూసుకోలేదు. కొత్త ఇంజన్‌కి పొగ గొట్టం అవతలి పక్కకి వచ్చింది. బ్రేకు నూనె పారే సన్నటి గొట్టం సరిగ్గా దాని పక్కనే ఉంది. విల్ఫ్‌కి కళ్ళు లేవా అంటే ఉన్నాయి. మా ఫ్యాక్టరీలో ఇంజన్‌వాడు ఇంజనే చూడాలి. బ్రేకు గొట్టం మీద చెయ్యి వేశాడంటే బ్రేకులవాళ్ళ పెద్ద ఈలేసి లైను మొత్తం ఆపేసేవాడు. జీవితమంతా అలా బతికినవాడికి ఆ గొట్టం కంటి ముందున్నా లేనట్టే. అది నార్మన్ బల్ల మీది పని.

వసంతంలో మొదటి ఆదివారం విల్ఫ్ కారు తెచ్చి, దర్జాగా తనే బానెట్ ఎత్తాడు. అందరూ మూగారు.

"జపాన్‌దా?" అన్నాడు నార్మన్.

"జపాన్‌దే. చూడండర్రా, దగ్గదు, తుమ్మదు, సమ్మె చెయ్యదు" అన్నాడు విల్ఫ్.

ఎవరూ నవ్వలేదు. ఒకప్పుడు ఇంజన్లు బిగించిన సిరిల్ అడిగాడు: "మరి మనది? దాని మీద మా అన్న గుద్దిన నంబరుంది కదరా. అదేం చేశావ్?"

"తుక్కుకి ఇచ్చేశా. ఇంట్లో పెట్టుకుని పూజ చెయ్యమంటావా?"

అది అనకుండా ఉండాల్సింది. సిరిల్ అన్న పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చివరి రోజుల్లో ఆ నంబర్లన్నీ వరసగా అప్పజెప్పేవాడట. నార్మన్ బానెట్‌ని రెండు చేతులా పట్టుకుని నెమ్మదిగా దించాడు. లోపలికి వెళ్ళి చేతులెత్తమన్నాడు. నా కిటికీ లోంచి చూశాను, ఎత్తని చెయ్యి లేదు. ఆడవాళ్ళకి వర్తించదని కూడా రాసుకున్నారు. ఐవీతో మాట్లాడొచ్చు, నాతో మాట్లాడొచ్చు, విల్ఫ్‌తోనే కూడదు. పెద్దమనుషులు కదా, అన్నీ పద్ధతిగానే చేస్తారు.

"వెలా? నన్నా? నేను కనిపెట్టిన ఆట నాకే నేర్పుతారా?" అని నవ్వాడు విల్ఫ్. "నెల తిరక్కుండా ఒకడు నోరు జారతాడు చూడు."

ఎవడూ జారలేదు. వాడు ప్రతి ఆదివారం వెళ్ళాడు, బానెట్ ఎత్తాడు, దాని పక్కన నిలబడ్డాడు. వాళ్ళు వాడి ముందు నిలబడే, "ఈ చోటు ఖాళీగా ఉందే, ఎవరూ రాలేదా ఇవాళ?" అనుకునేవాళ్ళు. "సిరిల్, ఇక్కడేదో కాలిపోయిన జపాన్ టీవీ కంపు రావట్లా?" అనేవాడొకడు. విల్ఫ్ జోకులు వేసేవాడు. మంచి జోకులే. గాలికి చెప్పినట్టుండేది. కారు దగ్గరికొచ్చి ఐవీని మాత్రం "ఎలా ఉన్నావమ్మా?" అని పలకరించి, దుప్పటి సర్ది వెళ్ళేవాడు నార్మన్.

ఎండాకాలం వచ్చేసరికి మావాడు నలిగిపోయాడు. టీ కోసం నా కిటికీకి పొద్దుటి నుంచి పదిసార్లు వచ్చేవాడు, చక్కెర ఎంత అని నేనైనా అడుగుతానని. ఒకసారి సిరిల్ చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్క తిట్టు తిట్టరా. మీ అన్న పేరు చెప్పి తిట్టు. పడతాను" అన్నాడు. సిరిల్ చెయ్యి విడిపించుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు, మాట మాత్రం ఆడలేదు. నాకు ఒళ్ళు మండి నార్మన్‌ని అడిగేశాను.

"ఏమయ్యా, ఇంక చాలదా? ముసలాడు చచ్చిపోయేలా ఉన్నాడు."

"పదకొండేళ్ళు బతకొచ్చు, హిల్డా. నాకు తెలుసు" అన్నాడు. నవ్వి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వేలే ముందు కనిపించింది.

ఇంక మానెయ్యమని ఐవీ బతిమాలింది. "ఆదివారం ఇంట్లో ఉందాం, విల్ఫ్. నాకు వాళ్ళెవరూ వద్దు, నువ్వు మాట్లాడితే చాలు" అంది. వాడు వినలేదు. మానేస్తే ఓడిపోయినట్టట.

అక్టోబర్‌లో ఒక ఆదివారం గాలి కోసేస్తోంది. ఐవీకి వెచ్చగా ఉండాలని విల్ఫ్ వచ్చినప్పటి నుంచీ ఇంజన్ ఆపకుండా హీటర్ వేసి ఉంచాడు. నార్మన్ ఆ దారిన పోతూ బానెట్ కింద ఒకసారి తొంగి చూశాడు. పోబోయినవాడు ఆగాడు. మళ్ళీ వంగి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. నేను కిటికీ లోంచి చూస్తున్నాను కానీ ఏం చూస్తున్నాడో నాకేం తెలుసు? నిలబడ్డాక కారులో ఉన్న ఐవీ వంక చూశాడు. నా వంకా చూశాడు. ఆఖరికి విల్ఫ్ వంక. విల్ఫ్ బానెట్ మూసేసి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. నార్మన్ జేబులోంచి పానా తీశాడు. ముందు బంపరు మీద రెండు దెబ్బలు కొట్టాడు. టంగు, టంగు.

విల్ఫ్ కిటికీ దించి తల బయటపెట్టాడు. పెరడంతా వినబడేలా అరిచాడు. "ఓహో! ఇన్నేళ్ళూ దాచుకున్నావా నార్మన్, నా జోకు నాకే అప్పజెప్పాలని? భలే ఉంది. ఏదీ, ఇంకోసారి కొట్టు!"

నార్మన్ ఇంకోసారి కొట్టలేదు. పానా జేబులో పెట్టుకున్నాడు.

కారులో జరిగింది తర్వాత ఐవీ చెప్పింది. "విల్ఫ్, రెండు కొట్టాడు. దిగి చూడు" అందట.

"వెక్కిరిస్తున్నాడే పిచ్చిదానా. నేను వాడికి చేసింది మర్చిపోయాడనుకున్నావా?"

"వెక్కిరిస్తే వెక్కిరించనీ. ఒక్కసారి దిగి చూడు. నా కోసం."

"దిగితే ఎగిరి దూకినట్టే కదా వాడి లెక్కలో. నవ్వుతారు" అన్నాడట. అని గేరు వేశాడు.

అంతసేపు పొగ గొట్టం పక్కన కాగిన బ్రేకు నూనె మరిగి, గొట్టంలో ఆవిరి నిండిపోయి ఉంది. ఇంటికెళ్ళే దారిలో వాలు దిగుతూ పెడలు నొక్కితే నేలకి ఆనింది, కారు ఆగలేదు. వాలు కింద రాతి గోడ. ముందు సీట్లో స్టీరింగ్ పట్టుకున్న విల్ఫ్‌కి పక్కటెముకలు రెండు విరిగాయి. వెనక సీట్లో బెల్టులుండవు ఆ కాలపు కార్లకి. ఐవీకి తుంటి, కాలు, భుజం. తను కుట్టిన సీటు మీద నుంచి ముందు సీటు వీపు మీద పడింది. జనం పరిగెత్తుకొచ్చేసరికి ఆ జపాన్ ఇంజన్ గోడలో ముక్కు పెట్టుకుని ఇంకా గుర్రుమంటూనే ఉందట. ఎవరో చెయ్యి పెట్టి తాళం తిప్పితే ఆగింది.

ఆసుపత్రి వరండాలోకి నార్మన్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. విల్ఫ్ కట్లు కట్టించుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను నార్మన్ కోటు పట్టుకున్నాను.

"చూశావు కదూ? గొట్టం కాలడం చూశావు."

"చూశాను. రంగు పొంగి నల్లబడింది."

"మరి చెప్పి చావలేకపోయావా? వాడితో కాకపోతే ఐవీతో చెప్పొచ్చుగా. నేనున్నాను, నాతో చెప్పొచ్చుగా! నీకు నోరు పడిపోయిందా?"

"పద్ధతి ప్రకారం రెండు దెబ్బలు కొట్టాను, హిల్డా."

"నువ్వు కొడితే వాడు వెక్కిరింపనుకుంటాడని నీకు తెలీదూ?"

నార్మన్ టోపీ అంచు మీద ఆ మొండి వేలు అటూ ఇటూ తిప్పాడు.

విల్ఫ్ బల్ల మీద నుంచి అన్నాడు. వాడి గొంతు నేనెప్పుడూ అంత చిన్నగా వినలేదు. "నార్మన్, నిజంగానే కొట్టావా? నిజంగానే ప్రమాదమని కొట్టావా?"

నార్మన్ వాడి వంక చూడలేదు. అక్కడ కూడా, ఆ రోజు కూడా, నాతోనే అన్నాడు. "హిల్డా, అతను కొట్టిన ప్రతిసారీ నేను చూసుకున్నాను. అబద్ధమని తెలిసినా చూసుకున్నాను. అతను ఒక్కసారి చూసుకోలేకపోయాడు. నేను పానా ఎప్పుడూ ఊరికే కొట్టలేదు." టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక నుంచి వాణ్ణి ఏదైనా పెట్టి కొడదామనిపించింది. విల్ఫ్‌ని కూడా కొడదామనిపించింది.

ఐవీ కొన్ని వారాలకి ఇంటికొచ్చింది. కింది గదిలో ఇనప కడ్డీల మంచం వేశాం. ఇక ఆసుపత్రికి అంబులెన్స్‌లోనే. నర్సులతో మాట్లాడేది, డ్రైవర్‌తో మాట్లాడేది, నాతో గంటల తరబడి మాట్లాడేది. విల్ఫ్‌తో ఒక్క ముక్క మాట్లాడలేదు. వాడు సూప్ తాగిస్తే తాగేది, దుప్పటి కప్పితే కప్పించుకునేది, ముఖం గోడ వైపు ఉండేది. "ఐవీ, తప్పయిపోయింది. ఒక్క మాట అను" అని మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు ఒకరోజు. ఆమె నా వైపు తిరిగి, "హిల్డా, కిటికీ కాస్త వెయ్యవూ, చలేస్తోంది" అంది.

ఆ తర్వాత చెంచా మొదలైంది. విల్ఫ్ వంటింట్లో ఉంటే మంచం కడ్డీ మీద టంగు టంగు. వాడు గిన్నె వదిలేసి, పక్కటెముకలు పట్టుకుని పరిగెత్తేవాడు. "ఏంటి? ఏమైంది? ఊపిరందట్లేదా?" ఆమె వాడి ముఖంలోకి కాసేపు చూసి, పత్రికలో పేజీ తిప్పేది. ఏమీ లేదు. గంట తర్వాత మళ్ళీ టంగు టంగు. మళ్ళీ పరుగు. మళ్ళీ ఏమీ లేదు. వాడు ఒక్కసారి కూడా మానలేదు. ఎలా మానతాడు? ఈసారిది నిజమైతే?

నేనే ఉండబట్టలేక చెంచా లాక్కున్నాను. "చాలించవే! వాడు చచ్చిపోతాడు. ఎన్నాళ్ళు చేస్తావిలా?"

"పదకొండేళ్ళు నాకెక్కడివి, హిల్డా?" అంది. "ఉన్నన్నాళ్ళే." చెయ్యి చాపింది. నేను చెంచా ఇచ్చేశాను.

పోనీ, కసితోనే చేసిందా అంటే, ఒకసారి ఏడ్చింది నా దగ్గర. "వేలు తెగిన రోజున నేనూ నవ్వాను, తెలుసా? మా కుట్టు హాలు దాకా వచ్చిందా మాట. తొమ్మిదిన్నర వేళ్ళ జోకు విని మిషన్ మీద పడి నవ్వాను. నా మొగుడు ఎంత సరదా మనిషో అనుకున్నాను. ఆరోజే నవ్వకుండా ఉండాల్సింది." కళ్ళు తుడుచుకుని, వంటింట్లో విల్ఫ్ గిన్నెలు కడుగుతున్న చప్పుడు విని, చెంచా తీసుకుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున చెంచా మోగలేదు. విల్ఫ్ టీ పెట్టి, కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె పిలవకుండా వెళ్తే ముఖం తిప్పేసుకుంటుందని, మోగేదాకా ఆగుదామని నిలబడ్డాడు. టీ చల్లారింది. పారబోసి మళ్ళీ పెట్టాడు. అదీ చల్లారింది. నేను వెళ్ళేసరికి వాడు అక్కడే ఉన్నాడు. "ఇవాళ పిలవలేదక్కా. కోపం తగ్గిందేమో" అన్నాడు. నేను గదిలోకి వెళ్ళి చూశాను. చెంచా ఆమె చేతిలోనే ఉంది.

దహనానికి క్లబ్బువాళ్ళందరూ వచ్చారు. పాత కాలడన్లు దారికి ఇటూ అటూ నిలబెట్టి, శవపేటిక కారు వస్తుంటే వరసగా బానెట్లు ఎత్తారు. చనిపోయిన సభ్యుడికి చేసే మర్యాద అది. ఐవీ సభ్యురాలు కాదు. అయినా ఆ సీట్లలో సగం ఆమె కుట్టినవే అని నార్మన్ చేయించాడట. తెరిచిన ఇంజన్ల మధ్య నుంచి విల్ఫ్ నా చెయ్యి పట్టుకుని నడిచాడు. ఇటూ అటూ చూశాడు, ఎవరైనా ఒక్క మాట అంటారేమోనని. సిరిల్ తల దించుకున్నాడు. చివరి కారు దగ్గర నార్మన్ టోపీ తీసి నిలబడ్డాడు. విల్ఫ్ ఆగాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు, ఒకప్పటి బల్లలంత దూరంలో.

నార్మన్ ఆకాశం వంక చూశాడు.

"వాన వచ్చేలా ఉంది, విల్ఫ్" అన్నాడు.

విల్ఫ్ తల పైకెత్తి చూశాడు. మబ్బు ఒక్కటి కూడా లేదు.

"వచ్చేలానే ఉంది" అన్నాడు మా తమ్ముడు.